గోతికి నాలుగు మూలలు

రోడ్ల శాఖలో పనిచేశానని చెబితే చాలు, ఎవరైనా అడిగేది ఒకటే: "వేసిన నెలకే ఎందుకు లేచిపోతుందండీ?" తప్పు తారుదే అనుకుంటారు. చాలాసార్లు తప్పు పక్క కాలువది.

తారు రోడ్డుకు నడుమ ఎత్తు, అంచులు పల్లం. వానలెక్కువ పడేచోట మీటరుకు 2.5 సెంటీమీటర్ల వాలు ఇస్తారు. నీరు ఆ వాలున జారి, మార్జిన్ దాటి కాలువలో పడాలి. మార్జిన్ మీద ఏటేటా మట్టి పేరుకుని, గడ్డి మొలిచి, రోడ్డు కంటే ఎత్తయితే నీరు అంచునే నిలిచి పగుళ్లలోంచి కిందికి దిగుతుంది. అడుగున కంకర మెత్తబడ్డాక లారీ చక్రం పడ్డప్పుడల్లా తారు వంగి, చివరికి పెచ్చులు లేస్తుంది. నల్లరేగడి నేలల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే రోలరు కంటే పారకే నా ఓటు. మే నెలలో మార్జిన్లు చెక్కి, తూముల్లో పూడిక తీసిన గ్యాంగుకు వానాకాలంలో గోతుల పని తగ్గుతుంది. ఈ పనికి శంకుస్థాపనలుండవు, ఫోటోలుండవు. "ఇంతకీ చేసిందేమిటి?" అనే ప్రశ్న మాత్రం తప్పదు.

ఇక గొయ్యి పూడ్చడం. మా మేస్త్రీ ముందు దాన్ని పెద్దది చేయించేవాడు! గట్టి అంచు తగిలేదాకా గునపంతో కొట్టించి, గోడలు నిలువుగా ఉండేలా నలుచదరంగా కోయించేవాడు. చూసేవాళ్లకు విడ్డూరం. అంచులు పలచగా వదిలేస్తే మొదట ఊడేది అక్కడే. దుమ్ము లేకుండా ఊడ్చాక, తారు, నీరు కలిసిన ఎమల్షన్ పూయాలి. డబ్బాలోంచి వచ్చినప్పుడు అది కాఫీ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. కుర్రాళ్లు తొందరపడితే "ఆగండ్రా, ఇంకా కాఫీయే" అనేవాడు. నల్లబడ్డాకే వేడి మిక్సు. టిప్పర్లోంచి నీలిపొగ వస్తే తారు మాడిందన్నమాట. మిక్సు చల్లారిపోతే రోలరు ఎన్నిసార్లు తిరిగినా అణగదు. ఇదంతా ఎండలో, వీపు వెనకే బస్సులు దూసుకుపోతుంటే. తారు సెగకు అలవాటు పడ్డాం గానీ ఆ హారన్లకు మాత్రం పడలేదు.

పూడ్చిన గోతిని కొలిచి బిల్లు కట్టే పద్ధతి నాకెప్పుడూ మింగుడుపడలేదు. గోతులు పడకుండా చూసినవాడికి కొలతేముంది? ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన రోడ్ల పథకంలో, కొన్ని దారులకు, రోడ్డు ఎలా ఉందో చూసి సొమ్ము చెల్లించే దీర్ఘకాలిక ఒప్పందాలు పెట్టారు. అలాంటివి పల్లె రోడ్లకూ వస్తే, కాంట్రాక్టరు పారలు తనంతట తనే కొంటాడు.