కన్యాశుల్కం పీఠిక, పసిపిల్లల మౌనం

‘కన్యాశుల్కం’ మీద మన విమర్శకులు ఎంతో వ్రాశారు. గిరీశం, మధురవాణి, రామప్పంతులు - వీరిని గురించి తరతరాలుగా చర్చ సాగింది. అయితే ఆ నాటకంలో పసిపిల్ల ఎక్కడ వున్నదన్న ప్రశ్నను మనం చాలినంతగా వేయలేదని నా అభిప్రాయం.

లుబ్ధావధాన్లు ఇంటికి పెళ్లికూతురై వెళ్లింది సుబ్బి కాదు, ఆడవేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుడు. అందుకే మనం నిశ్చింతగా నవ్వగలుగుతున్నాము. నిజంగా సుబ్బే వెళ్లివుంటే? ఆ ప్రశ్నను గురజాడ 1897 నాటి పీఠికలో అంకెలతో వేశాడు. విజయనగరం మహారాజు తయారు చేయించిన పట్టికలో మూడేళ్లకు 1,034 శుల్క వివాహాలు తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు 6, ఏడాది పిల్లలు 3. ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. ఈ పిల్లల్లో ఒక్కరి మాట కూడా ఆ పట్టికలో లేదు, వుండటానికి వీలూ లేదు.

సమ్మతి వయస్సును పది నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టానికే దేశంలో దుమారం లేచింది. భార్య అయినా సరే, పద్ధెనిమిదేళ్లు నిండని పిల్లతో సంభోగం అత్యాచారమేనని సుప్రీంకోర్టు చెప్పటానికి 2017 దాకా పట్టింది.

నేను నెల్లూరు తీరంలో, మైపాడుకు ఎగువా దిగువా వున్న పట్టపుపాళాల పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఈ బాధను వాక్యాలలో చెప్పరు. బాగా చదివే పిల్ల వున్నట్టుండి వెనకబడుతుంది. ఒక ఇంటికి పొమ్మంటే వణుకుతుంది. ఎన్నడో మానేసిన పక్క తడపటం మళ్లీ మొదలవుతుంది. డాక్టరు కారణం చెప్పలేని కడుపునొప్పి, నిద్రలో కేకలు, వయస్సుకు మించిన మాటలు, ఎవరిచ్చారో చెప్పని కానుకలు. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఏ గుర్తూ కనపడని పిల్లలూ వున్నారు. అయితే చదవటం నేర్చినవాడు వీటిని చూసి ఆగుతాడు, ఆలోచిస్తాడు.

మనవాళ్లు వెంటనే దీనికి పేదరికమే మూలమంటారు. అందులో సగం నిజం వున్నది. రొయ్యల గుంటల కాపలాకు పోయిన యానాది కుటుంబం, బాకీ వున్న యజమాని మీద ఎవరికి ఫిర్యాదు చేసుకుంటుంది? కాని మిగతా సగం మేడల్లోనూ వున్నది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను విచారించి కేంద్ర ప్రభుత్వం 2007లో ప్రకటించిన నివేదిక ప్రకారం 53 శాతం పైగా ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు లోనయ్యారు. అందులో మగపిల్లలు ఆడపిల్లలకు తీసిపోలేదు. నేరం చేసినవారిలో సగంమంది తెలిసినవారు, నమ్మదగినవారనుకున్నవారు. ఇది తెలిశాక, ఆడవేషంలోని ఆ శిష్యుణ్ణి చూసి కూడా పూర్వంలా నవ్వలేము.

మన భాష కూడా దోషం లేనిది కాదు. ‘చెడిపోయింది’, ‘పరువు పోయింది’ అంటాము. నేరం ఒకడిది, చెడిపోవటం పిల్లది! తప్పు తనదేనన్న భావం పెద్దయినా ఆ పిల్లను వదలదు. భయం, దిగులు, ఎవరినీ నమ్మలేకపోవటం ఏళ్ల తరబడి వెంటాడుతాయి. ఈ మాటలను మన కథలలో నుంచి ఏరిపారేయటం విమర్శకుని పని.

మాటకు బలం లేదనేవారు మన జిల్లాలోనే మెట్టప్రాంతపు దూబగుంటను తలచుకోవాలి. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా వాచకంలోని ‘సీతమ్మ కథ’లో ఆడవాళ్లు తమ బతుకును గుర్తుపట్టారు, సారా అంగళ్లు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అంతకాలం ఇంటి గుట్టుగా దాచుకున్నది వాచకంలో కనపడ్డాక వీధి సమస్య అయింది. పిల్లల విషయంలో అటువంటి పాఠం ఇంకా వ్రాయవలసే వున్నది.

అంతవరకూ ఉపాధ్యాయుడు చేయవలసింది స్పష్టమే. పిల్ల చెప్పేది నమ్మాలి. పదేపదే గుచ్చి అడగరాదు. ‘తప్పు నీది కాదు’ అని చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయటం ప్రతివాడి విధి, దాచటం నేరం. 1098కి ఫోను చేసినా సహాయం దొరుకుతుంది. ఊరి పరువు కోసం నోరు మూసుకున్న పంతులు, శుల్కం లెక్కపెట్టుకున్న అగ్నిహోత్రావధాన్లకు ఎంత దూరంలో వున్నాడు?