అగ్నిపర్వతపు గాజులో నీరు: ఒక కొలతపై విమర్శ

బౌరంపేట్ చుట్టుపట్ల కనబడు బండలు గ్రానైటు జాతివి. భూమి లోపల శిలాద్రవము మిక్కిలి మెల్లగా చల్లారుటచే వానిలో స్ఫటికములు పెరుగుటకు వ్యవధి దొరకినది. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున ఇందుకు విరుద్ధమైన పదార్థము కలదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమందలి టోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు గాలిలో కొట్టుకొని వచ్చిన బూడిద అచ్చట పొరగా నిలిచియున్నది. అది కట్టెల బూడిద వంటిది కాదు; స్ఫటికములు ఏర్పడులోపుననే చల్లబడిన శిలాద్రవపు గాజు తునకలు.

ఆ పొరకు క్రిందను, మీదను కూడ ప్రాచీన మానవుల రాతి పనిముట్లు లభించినవని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలగువారు 2007లో ప్రకటించిరి. ఆ ప్రేలుడు మానవులను ఎంతవరకు బాధించెనను చర్చ దానితో బలపడినది. ప్రేలుడు ఉధృతికి శిలాద్రవములో కరగియున్న నీరు ఒక ముఖ్యకారణము. మూత తీసిన సోడా సీసాలో వలె, ఒత్తిడి తగ్గగానే ఆ నీరు ఆవిరి బుడగలై పొంగును. అందుచే గాజులో నీరెంత అను ప్రశ్నకు ప్రాముఖ్యము కలిగినది.

గాజును కాల్చి, తగ్గిన బరువును నీటిగా లెక్కించుట పాత పద్ధతి. ఇతర వాయువులు పోయినను ఆ లెక్కలో నీరే యగును. పరారుణ వర్ణపట పద్ధతి ఇంతకంటె మేలైనది. గాజులో నీరు రెండు రూపముల నుండును: పూర్తి నీటి అణువులుగాను, గాజు నిర్మాణమునకు అంటుకొనిన హైడ్రాక్సిల్‌గాను. 2.8 మైక్రానుల వద్ద శోషణము రెండింటి మొత్తమును, 6.1 మైక్రానుల వద్ద శోషణము నీటి అణువులను మాత్రమే తెలుపును. ఎడ్వర్డ్ స్టోల్పర్ 1982లో ఈ విధానమునకు గట్టి పునాది వేసెను.

అయినను యంత్రము నీటి శాతమును నేరుగా చెప్పదు, శోషణమునే చెప్పును. శాతము తెలియవలెనన్న గాజు మందము, సాంద్రత, శోషణ గుణకము కావలెను. శోషణము 1, మందము 50 మైక్రానులు, సాంద్రత లీటరుకు 2,350 గ్రాములు, గుణకము 80 అనుకొనిన, నీరు 1.9 శాతము. మందమును 40 మైక్రానులని పొరబడినచో అదే గాజులో నీరు 2.4 శాతమగును! సన్నని, వంకర బూడిద తునకల మందము కొలుచుట సులభము కాదు. గుణకము కూడ గాజు రసాయనమును బట్టి మారును.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. గాజు నేలలో పడియున్న కాలమున వాననీటిని నెమ్మదిగా పీల్చుకొనును. తాజా ఆబ్సిడియన్ గాజులో నీరు సాధారణముగా 1 శాతమునకు లోపు. నీరు పీల్చిన పెర్లైటులో 2 నుండి 5 శాతము. వేల వర్షాకాలములు చూచిన బూడిదలో దొరకిన మొత్తము నీటిని ప్రేలుడునాటి నీరనుట, నానిన బియ్యమును తూచి పంట దిగుబడి చెప్పుట వంటిది.

ఈ లోపము వర్ణపటముది కాదు, దానిని చదువు తీరుది. దానికి విరుగుడు కూడ వర్ణపటములోనే కలదు. తరువాత చేరిన నీరు చాలవరకు అణురూపముననే యుండును. హైడ్రాక్సిల్ అంతగా మారదు. రెంటిని వేరుగా కొలిచిన, తొలి నీటిని అంచనా వేయవచ్చును. అయితే అది గాజు గడ్డకట్టిన నాటి నీరే. అంతకుముందే బుడగలుగా పోయిన దానిని తెలుపదు. అందులకు స్ఫటికములలో చిక్కుకొనిన గాజు బిందువులను పరీక్షించుట ఉత్తమము.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ఉదాహరణమును చెప్పునపుడు నీటి శాతముతో ఆగరాదు. ఎంత నీరు అను ప్రశ్న వెంట, ఆ నీరు ఎప్పటిది, ఎచ్చటిది అను ప్రశ్నలు కూడ విద్యార్థులచే అడిగించవలెను.