టైరు చదివే చెయ్యి

హఫీజ్‌పేట్‌లో దూరప్రయాణాల బైకులకు టైర్లు మార్చే మెకానిక్ పనితనం చూసి తీరాలి. విప్పిన టైరును అరచేత్తో నిమురుతాడు. మధ్యభాగం చదునైతే ముంబై హైవేలాంటి తిన్నని రోడ్లమీద తిరిగిన బండి. ముందు టైరు గుంటలు గుంటలుగా అరిగితే గాలి తక్కువో, సస్పెన్షన్ లోపమో. వేల కిలోమీటర్ల పరీక్షాఫలితం అక్కడే రాసుంటుంది, చదివే చెయ్యి ఉండాలంతే! కొత్త టైరు పక్కభాగంమీద నాలుగంకెలు వెతుకుతాడు: 2324 ఉంటే 2024లో 23వ వారం తయారీ. బాణం గుర్తు చక్రం తిరిగేవైపే పెట్టి, సబ్బునీళ్లు రాసి, రిమ్ముకు గీత పడకుండా ఎక్కిస్తాడు. ఆ ఓపికంటే నాకెంతో గౌరవం. కొత్త రబ్బరు నున్నగా ఉంటుంది కాబట్టి మొదట్లో మలుపుల్లో బండి వాల్చొద్దంటాడు. గాలి మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలట. వేడెక్కితే ప్రెజర్ పెరిగి కొలత తప్పుతుంది.