ప్రాంతమంటే ఊరొక్కటేనా?

ప్రాంతీయ సాహిత్య లక్షణాలేమిటని అడిగితే గైడు పుస్తకాల్లో నాలుగు ముక్కలు దొరుకుతాయి. ఆ నేల ఏర్లూ గుట్టలూ కనపడాలి. అక్కడి యాస వినపడాలి. పండుగలూ ఆచారాలూ ఉండాలి. అక్కడి జనం కష్టసుఖాలు తెలియాలి. పరీక్షకు ఇంత చాలు, మార్కులు పడతాయి. కాని వాడ నుంచి వచ్చి సర్కారు బడిలో తెలుగు పాఠం చెప్తున్న నాకు ఇది చాలదు.

మన దగ్గర ఏ ఊరూ ఒక్క ఊరు కాదు. ఊరు వేరు, వాడ వేరు. బావి వేరు, బొందలగడ్డ వేరు, మాట కూడా వేరే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును నాలుగు మాండలికాలుగా చూపించారు. అవి నేల మీది గీతలు. ప్రతి గీత లోపల ఊరికీ వాడకూ నడుమ ఇంకో గీత ఉన్నది. సాహిత్య చరిత్రలు ఆ గీతను దాటేసి పోతాయి.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినోన్ని నేనే మొదలు. మా తాత చేతిలో ఆరె, రంపె ఉండేవి. లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్క వేసి పదును చేసెటోడు. మోటకు తొండం కుట్టెటోడు. ఆ తొండం లేనిది ఊరి మడి తడిసేది కాదు. పల్లె అందం మీద నేను చదివిన కథల్లో మోట పాట వస్తుంది, ఎడ్లొస్తాయి. తొండం కుట్టిన చెయ్యి మాత్రం రాదు. మరి అది ఏ ప్రాంతం కథ?

అందుకే నా పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుతున్న.

మొదటిది: యాస ఎవరి నోట్లో ఉన్నది? గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం కొట్లాడారు. తీరా అచ్చుకెక్కింది ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్న కులాల మాట. కథకుడు ఆ మాటలో కథ చెప్తాడు, కూలోడు మాత్రం యాసలో మాట్లాడతాడు. అప్పుడు యాస నవ్వుకోవడానికో జాలిపడడానికో పనికొస్తుంది. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు మాటే కథ చెప్పింది. అది రైతింటి పిల్లగాని మాట. వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చింది. అందులో తెలంగాణ మాదిగ మాటే నవలను నడిపించింది. రెండూ ప్రాంతీయమే, కాని ఒక్కచోట నిలబడి చూసినవి కావు.

రెండోది: నేల ఎవరిది? కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1966లో వచ్చింది. అందులో ఉత్తరాంధ్ర కొండలూ తోటలుగా కాదు, అప్పుగా కనపడుతుంది. అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ జరుగుతుంది. తన కొడుకు కూడా పాలేరు కావొద్దని సీతారాముడు ఆ పసివాణ్ణే చంపుకుంటాడు. నేల ఎవరి చేతిలో ఉన్నదో, బాకీ ఎవరి నెత్తిన ఉన్నదో తెలియకుండా యాస ఒక్కటే పట్టుకుంటే ఈ కథ అర్థం కాదు.

మూడోది: ఆ చోటికి పోయే హక్కు ఎవరికున్నది? జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాశీలోని శివునికి తన బాధ చెప్పమని ఒక అరుంధతీయుడు గబ్బిలాన్ని పంపుతాడు. దారి పొడుగునా ఈ దేశపు గొప్పలు చెప్తాడు. గబ్బిలం గుడిలోకి పోతుంది, పంపినోడు పోలేడు. ప్రాంతాభిమానం ఆయనకూ ఉన్నది. ప్రాంతం ఆయన్ని లోపలికి రానిచ్చిందా అన్నదే ప్రశ్న.

మీరు ప్రాంతాన్ని కులంగా చీలుస్తున్నారని కొందరు పెద్దలంటారు. చీలిక మేం తెచ్చింది కాదు. ఊరు కట్టిన నాడే ఉన్నది. మా యాసను ఎక్కిరించిన్రని కొట్లాడినోళ్లం మేం. 2014లో రాష్ట్రం వచ్చింది, మన మాట పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చింది. సంతోషమే. అయితే ఆ మాటలోనూ వాడ మాట ఎంతున్నదో చూడాలె. వాడ మాట రాస్తే బూతు అని ముక్కు మూసుకునేటోళ్లు ఇక్కడ కూడా ఉన్నరు.

ఇండ్లల్ల పనిముట్ల పేర్లు, పని చేసేటప్పటి మాటలు రాసుకు రమ్మంటే పిల్లలు తెస్తున్నరు. "సార్, గివి గూడ సాహిత్యమేనా?" అని ఒక అమ్మాయి అడిగింది. గివి లేకుంటే సాహిత్యమే లేదని చెప్పిన. తన అవ్వ మాట తప్పు కాదని తెలిసిన పిల్ల రేపు కలం పడుతుంది. తెలియని పిల్ల ఇంకొకల మాట అరువు తెచ్చుకుంటుంది, లేదంటే నోరు మూసుకుంటుంది. మేం పోగొట్టుకునేది అక్కడే.

విద్యార్థులారా, జవాబు పత్రంలో ఆ నాలుగు లక్షణాలూ రాయండి. వాటి కింద ఐదోది చేర్చండి: ఆ ప్రాంతాన్ని తమ చేతులతో నిలబెట్టినోళ్లు అందులో తమ నోటితో మాట్లాడుతున్నరా, లేదా? దిద్దేటోళ్లు మార్కు వేస్తరో కొట్టేస్తరో. రాసుడు మాత్రం ఆపొద్దు.