చంద్రుడి వెలుగును లెక్కగట్టిన చేయి

ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూమెక్సికో’లో కింద పొదలు, మట్టి ఇళ్లు, చిన్న చర్చి, శ్మశానంలో మెరిసే తెల్లని సిలువలు ఉంటాయి. వాటి వెనుక మంచు కొండలు, వాటిపై మబ్బుల పట్టీ. ఆ పైన దాదాపు సగం చిత్రం నల్లని ఆకాశమే, అందులో చిన్నగా చంద్రుడు. అదృష్టం కలిసొచ్చి దొరికిన ఫోటో అంటారు. ఎలా తీశాడో తెలిశాక నాకు అందులో అదృష్టం కంటే అభ్యాసమే ఎక్కువ కనిపిస్తుంది.

ఆడమ్స్ తేదీ రాసుకోలేదు. చిత్రంలో చంద్రుడున్న చోటును బట్టి ఖగోళ పరిశీలకుడు డెనిస్ డి చికో దాన్ని 1941 నవంబర్ 1, సాయంత్రం 4.49గా తేల్చాడు. చామా లోయలో ఆ రోజు అనుకున్న చిత్రాలు కుదరక ఆడమ్స్ శాంటా ఫేకు తిరిగి వస్తున్నాడు. దారిలో ఈ దృశ్యం కనపడగానే కారు ఆపాడు. సూర్యుడు పడమటి మబ్బుల చాటుకు వెళ్లబోతున్నాడు. సిలువల మీద ఎండ ఇంకెంతోసేపు నిలవదు.

కెమెరా 8×10 అంగుళాల ఫిల్మ్ పట్టేది. లెన్స్ కుక్ ట్రిపుల్ కన్వర్టిబుల్. దాని భాగాలను విడిగానూ, కలిపీ వాడుకోవచ్చు. ఆడమ్స్ 23 అంగుళాల భాగాన్నే బిగించి, నీలాకాశం ముదరడానికి పసుపు ఫిల్టర్ పెట్టాడు. ఫోకస్ కుదిరింది. వెలుగును కొలిచే లైట్ మీటర్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

అయినా చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని అతనికి కంఠతా వచ్చు. అంతకు కొద్ది కాలం ముందే తోటి ఫోటోగ్రాఫర్ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించిన, చిత్రంలోని ఛాయలను మెట్లుగా విభజించే జోన్ పద్ధతిలో ఐదో జోన్ మధ్యస్థమైన బూడిద రంగు, ఒక్కో మెట్టు ఎక్కితే వెలుగు రెట్టింపు. చంద్రుడు తెల్లగా ఉంటూనే మచ్చలు పోకూడదంటే ఏడో జోన్‌లో పడాలి. అప్పుడు రెండు మెట్లు కిందనున్న ఐదో జోన్‌కు సుమారు 60 క్యాండిల్స్. ఫిల్మ్ వేగం 64, దాని వర్గమూలం 8 కాబట్టి లెన్స్ రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంటే, క్యాండిల్స్ లెక్క ప్రకారం సెకనులో 60వ వంతు చాలు. ఫిల్టర్‌కు మూడు రెట్లు కలిపితే 20వ వంతు. దగ్గరి పొదలూ దూరపు కొండలూ స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/32కి కుదించాలి, అంటే మరో 16 రెట్లు. మొత్తం మీద దాదాపు ఒక సెకను! ఎండ జారిపోతుండగా ఇంత లెక్కను మనసులోనే కట్టడం నన్ను అబ్బురపరుస్తుంది.

షట్టర్ నొక్కాడు. రెండో నెగటివ్ కోసం ఫిల్మ్ హోల్డర్ తిప్పేలోగా సిలువల మీద ఎండ పోయింది.

ఇక మిగిలింది ఆ ఒక్క నెగటివ్. నేల భాగానికి తగినంత వెలుగు అందలేదని ఆడమ్స్‌కు తెలుసు. అందుకే పల్చని డెవలపర్‌లో కాసేపు, కదపకుండా నీళ్లలో కాసేపు, ఇలా మార్చి మార్చి ఉంచాడు. ఫిల్మ్ పీల్చుకున్న డెవలపర్ వెలుగు భాగాల్లో త్వరగా ఖర్చయిపోయి పని ఆగుతుంది. నీడల్లో మాత్రం మిగిలి, పని సాగుతూనే ఉంటుంది. చంద్రుడు మాడిపోకుండా పొదలు తేలడం అందువల్లే. అయినా నేల పల్చగానే ఉందని 1948లో ఆ భాగాన్ని మాత్రమే రసాయనంతో చిక్కబరిచాడు. ఒక్కగానొక్క నెగటివ్‌ను మళ్లీ రసాయనంలో ముంచాలంటే చేతి మీద ఎంత నమ్మకం ఉండాలో!

తర్వాత దశాబ్దాల పాటు దాన్నుంచి 1,300కు పైగా ప్రింట్లు తీశాడు. ప్రతిసారీ ఆకాశం భాగానికి అదనంగా వెలుగునిస్తూ నలుపును ముదిర్చేవాడు. తొలి ప్రింట్లలో పై ఆకాశంలో సన్నని మబ్బు చారలు కనిపిస్తాయి. చివరి వాటిలో ఆ చారలు నలుపులో కలిసిపోయాయి. తొలి ప్రింట్లు ఆ సాయంత్రానికి దగ్గరగా ఉండవచ్చు గానీ, కొండలు గట్టిగా నిలిచే ఆ చివరి ప్రింట్లే నాకు ఎక్కువ ఇష్టం.