పసుపు కడాయిలో ఆవిరి లెక్క

సంక్రాంతి దాటితే ఆర్మూర్, అంకాపూర్, బాల్కొండ చేలల్లో పసుపు తవ్వకం ఊపందుకుంటుంది. బేరం జరిగేది నిజామాబాద్ యార్డులో. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా ఆ ఊరికే వచ్చింది. సరుకు నాణ్యత మాత్రం చాలావరకు పొలం దగ్గరి కడాయిలోనే తేలిపోతుంది.

తవ్విన దుంపల్లో మండలు (తల్లి దుంపలు), కొమ్ములు వేరుచేసి రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. అప్పుడే మొలకెత్తే గుణం చచ్చి, పచ్చివాసన పోతుంది. లోపలి పిండి జిగురుకట్టి రంగు సమంగా పరుచుకుంటుంది. పాత పద్ధతిలో అయితే పెద్ద కడాయి, దుంపలు మునిగేలా నీళ్లు, ముప్పావు గంట నుంచి గంట దాకా మంట. నురగ పొంగి, తెల్లటి ఆవిరితో ఘాటైన వాసన లేస్తే దింపే వేళ దగ్గరపడ్డట్టే. ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చుతారు, సులువుగా దిగితే చాలు. ఉడుకు తక్కువైతే ఎండాక పెళుసుబారుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది.

ఆ వాసన సంగతి చూస్తే వింతగా ఉంటుంది. దానికి మూలం పసుపు నూనెలోని టర్మెరోన్లు. ఒక్కో అణువులో 15 కార్బన్లు, అణుభారం 216 పైన. విడిగా మరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. కడాయి నీళ్లు ఎంత మంట పెట్టినా 100 దాటవు (ఆర్మూర్ ఎత్తుకు ఇంకో డిగ్రీ తక్కువే). మరి ఆ నూనె గాల్లోకి ఎలా లేస్తోంది?

ముందు నీటి సంగతి. దాని అణుభారం 18. 16 భారమున్న మీథేన్ మైనస్ 161 డిగ్రీలకే, 34 ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60కే మరుగుతాయి. ఆ వరసన నీళ్లు ఎప్పుడో వాయువు కావాలి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంతో హైడ్రోజన్‌కు కాస్త ధనావేశం వస్తుంది. అది పక్క అణువులోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఈ హైడ్రోజన్ బంధాలే నీటిని 100 దాకా నిలబెడతాయి. భారం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఇథనాల్, డైమిథైల్ ఈథర్‌లలో ఉండే పరమాణువులు ఒకటే, వాటి అమరికే వేరు. మొదటిది 78 దగ్గర, రెండోది మైనస్ 24 దగ్గర మరుగుతుంది.

టర్మెరోన్లు తమలో తాము అలాంటి బంధాలు కట్టుకోలేవు. కానీ అణువు పెద్దది కాబట్టి బలహీనమైన ఆకర్షణలే కూడి గట్టిగా పట్టేస్తాయి. ఇక్కడే అసలు కిటుకు: నూనె, నీరు కలవవు. కలవని ద్రవాల్లో దేని ఆవిరి పీడనం దానిదే. రెండూ కూడి గాలి పీడనాన్ని అందుకోగానే కలిసి మరుగుతాయి, అదీ నీటి మరుగుస్థానానికి కాస్త దిగువనే. ఆవిరి వెంట నూనె కొంచెం కొంచెంగా వెళ్లిపోతుంది. కడాయి చుట్టూ కమ్ముకున్న ఘుమఘుమ, అమ్మాల్సిన సరుకులోంచి పోతున్నదే.

రంగునిచ్చే కుర్కుమిన్ దారి వేరు. అణుభారం 368. 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మరిగేలోపే విచ్ఛిన్నమైపోతుంది. అది ఆవిరితో లేవదు, ఎక్కువసేపు కాగితే చెడుతుంది. రంగు తేలుతుందని సోడా వేసే అలవాటు నాకు నచ్చదు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి కలిపిన ఎవరికైనా తెలిసిందే. ఆ మార్పుతో పాటు కుర్కుమిన్ కూడా త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు ఆవిరితో ఉడికించే యంత్రాలొచ్చాయి. గ్రాము ఆవిరి నీరుగా మారితే దాదాపు 540 కేలరీలు దుంపకు అందుతాయి. మరిగేటప్పుడు బంధాలు తెంచడానికి పెట్టిన ఖర్చే అది. అందుకే ఉడుకు త్వరగా అవుతుంది, నీళ్లూ కట్టెలూ మిగులుతాయి. అయినా మండలు, కొమ్ములు ఒకే వాయికి వేయకూడదు. లావుపాటి మండ మధ్యదాకా ఉడికేసరికి కొమ్ము తన నూనె పోగొట్టుకుంటుంది.