చేట మీది విల్లు

వీణకు పనసకొయ్య కావలెను, మృదంగమునకు తోలు కావలెను. బస్తర్ సీమలో కథాగానము చేయు గురుమాయి వాద్యమునకు మాత్రము వరి పండించు సంసారి యింట ప్రతిదినము కానవచ్చు వస్తువులును, వానికి తోడు ఒక విల్లును చాలును. వరిగడ్డిని చుట్టి చేసిన కుదురును నేలమీద నుంచి, దానిపై మట్టికుండను నిలిపి, కుండమూతిని చేటతో కప్పి, ఆ చేటమీద వింటికొన నొకదానిని మోపి, రెండవ కొనను నేల కానించి, ఆమె పాటకు కూర్చుండును. ఈ సముదాయమునకే ధన్‌కుల్ అని పేరు. ధను వనగా విల్లు. కుల యనగా పొరుగున నున్న ఒడియావారి మాటలో చేట.

కుడిచేతి వెదురుపుల్లతో వింటిబద్దపై చెక్కిన గంట్లను గీయుచు, ఎడమచేతి వ్రేళ్లతో నారిని మీటుచు, ఆమె కథను గానము చేయును. గంట్ల గరగర తాళమగును. నారి మ్రోత చేట ద్వారా కుండలోనికి దిగి, అచ్చటి శూన్యమునంతయు నింపి, బరువెక్కి వెలుపలికి వచ్చును. ఆ కుండను ఘుమ్రా హాండీ యని పిలుచుటలో ఆ ధ్వనియే వినబడుచున్నది. ముఖ్యగాయని పాట్ గురుమాయి. ఆమె యెత్తిన పాదమును, మన బుర్రకథలోని వంతల వలె, ప్రక్కన కూర్చున్న చేలీ గురుమాయి యందుకొనును. ఈ విద్యకు వేరొక పాఠశాల లేదు. అందుకొనుచు నందుకొనుచు శిష్యురాలే యొకనాటికి గురు వగును.

కొండగావ్ గురుమాయి సుక్‌దయి కోర్రామ్ పేరు తలచినప్పుడెల్ల నాకు గ్రంథములయెడ గల గర్వము కొంత తగ్గును. ఆమె కంఠమున నిలిచిన లచ్మీ జగార్ అను గేయకథను ఆ యూరివారే యైన హరిహర వైష్ణవ్ శ్రద్ధతో సేకరించి, ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీతో కలిసి 2003లో గ్రంథముగా వెలువరించిరి. 2021లో వైష్ణవ్ పరమపదించిరి. కాకతీయుడగు అన్నమదేవుడు ఓరుగల్లునుండి వచ్చి యేలెనని చెప్పుకొను సీమ యీ బస్తర్. ఆ రాజుల పేర్లు తెలిసినంతగా ఈ గురుమాయిల పేర్లు మనకు తెలియకపోవుట నన్ను బాధించును.

జగార్ అనగా జాగరణము. తీజా, అష్టమీ, లచ్మీ, బాలీ యని యవి నాలుగు. వానిలో పంట చేతికందిన పిమ్మట పాడు లచ్మీ జగార్‌నందు ధాన్యమే మహాలక్ష్మి. ఆమె నారాయణుని పెండ్లాడి, ఇరువదియొక్క సవతుల యసూయకు గురియై, కడకు ఇల్లు విడిచిపోవును. ఆమె పోయిన యింట అన్నము లేదు. ఇల్లాలి కంటనీటికిని గాదె వట్టిపోవుటకును గల సంబంధమును ఇంత సూటిగా చెప్పిన కావ్యములు నాకు మిక్కిలి అరుదుగా తటస్థించినవి. దానిని చెప్పునది యిల్లాలు. ఆమె చేతిక్రింద మ్రోగునది చేట. బియ్యము చెరుగు చేటయు, బియ్యమును కీర్తించు చేటయు ఒకే యల్లికవి. అందుచేతనే ఈ గాయనుల జీవితమును వారి సంసారమునుండి వేరుచేసి వ్రాయ బూనుట నాకు సరియని తోచదు. సభామంటపమున కెక్కించిన నాడు ధన్‌కుల్ స్వరము నిలుచునేమో గాని, వడ్ల వాసన నిలువదు.

కథ గురువారమున ముగియవలెను. ఆ దినమును లక్ష్మివారమని పిలుచుకొను తెలుగువారికి దీని కారణము వివరింప బనిలేదు. స్త్రీలు గుంపుగా పొలమునకేగి, వరివెన్నులను పెండ్లికూతురివలె తోడ్కొని వత్తురు. విల్లు చేటమీదనే యుండును. పెండ్లిపాట యింకను పాడవలసి యున్నది.